పూజలో ఉన్న హాల్-19

2022, నవరాత్రులు. చిక్కడపల్లిలో ఒక సందులో నా దుకాణం. ఆఫీసుల్లో, కోచింగ్ సెంటర్లలో కంప్యూటర్లన్నిటినీ ఒకదానితో ఒకటి కలుపుతూ నెట్‌వర్క్ వేయడం, అది మొరాయిస్తే వెళ్లి బాగుచేయడం నా పని. ఇరవై ఏళ్లుగా ఇదే తిండి పెడుతోంది. ఇన్నేళ్లలో వైర్ల కంటే మనుషులే నన్ను ఎక్కువ ఏడిపించారు. ఆ గురువారం అశోక్‌నగర్‌లో పడ్డ తిప్పలు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అదొక కోచింగ్ సెంటర్. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు తర్ఫీదు ఇస్తారు. కింద క్లాసులు, మొదటి అంతస్తులో కంప్యూటర్ల మీద మాక్ టెస్టులు రాసే హాలు, ఆ పైన ఓనర్ ప్రభాకర్ గారి ఇల్లు. కృష్ణా జిల్లా నుంచి వాళ్ల నాన్నగారి కాలంలోనే వచ్చి స్థిరపడ్డ కుటుంబం. హాలు చూసుకునే మేనేజర్ యాదగిరి. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"శంకరన్నా, జర అర్జెంట్. ఒకరి మార్కులు ఇంకొకరికి పడుతున్నయ్. పోరగాళ్లు లొల్లి చేస్తున్రు."

నారాయణగూడలో ఒక పని సగంలో ఉంది. అది వదిలేసి, దారిలో ఒక ఎగ్ పఫ్ నోట్లో వేసుకుని వెళ్లాను. హాల్లో అడుగుపెట్టగానే విషయం కొంత అర్థమైంది. ప్రతి కంప్యూటర్ పెట్టె ముందు భాగానికీ నేను ఒక స్టిక్కర్ అంటించి ఉంచాను: హాల్-01, హాల్-02, అలా వరుసగా. లోపల ఆ కంప్యూటర్‌కు పెట్టిన పేరూ అదే. ఏ సీటు ఎవరిదో ముందే రాసి ఉంటుంది. టెస్ట్ సర్వర్ మార్కులు వేసేది ఆ పేరును బట్టే, కూర్చున్న మనిషి మొహం చూసి కాదు. ఇప్పుడు ఒక్క స్టిక్కరూ లేదు. నంబరు ఉండాల్సిన చోట పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు.

"స్టిక్కర్లేవి?"

"కడిగినమన్నా."

"ఏం కడిగిన్రు?"

"అన్నీ. నవరాత్రులు గదా. ఇంటి నిండ దుమ్ముంటే అమ్మవారు ఎట్ల వస్తదని సార్ వాళ్లమ్మ అన్నది. అన్నీ ఊడదీసి తడి బట్టతోని మస్తు రుద్దినం. ఎంత నీట్‌గున్నయో చూడు."

"తిరిగి ఎక్కడివి అక్కడ పెట్టిన్రా?"

"పెట్టినమన్నా. ఏదైతేంది, అన్నీ ఒకటే కంపెనీయి గదా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నీ ఒకటే కంపెనీవట! అప్పటికీ కోపం దిగమింగుకున్నాను. పండగపూట వచ్చిన ఇంట్లో అరవడం బాగుండదు కదా. దీనికి పరిష్కారం ఉంది, కాసేపట్లో అయిపోతుందని చెప్పి, ఒక మూల కూర్చుని నా ల్యాప్‌టాప్ తెరిచాను.

మెట్ల దగ్గర బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉండటం అప్పుడే చూశాను. ఒళ్లో మడతపెట్టిన తెల్ల కర్ర, మెడలో ఇయర్‌ఫోన్లు. పక్కన బట్టలు కుక్కిన పెద్ద బ్యాగు. పేరు రేణుక. సూర్యాపేట దగ్గరి పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. పుట్టుకతోనే చూపు లేదు. ఆమె నా గొంతు విని లేచి వచ్చింది.

"అన్నా, మీరు కంప్యూటర్లు చూసేటాయనా? జర నా సిస్టం గురించి గుడ అడగరాదు వీళ్లను."

అడిగేలోపే యాదగిరి జవాబిచ్చాడు. "ఆమెది ఖరాబైందన్నా. పందొమ్మిది నంబరు. స్క్రీనే వస్తలేదు ఎప్పటిసంది. సాఫ్ చేసిన దినం దాన్ని పక్కకు తీసేసిన్రు. రిపేరుకు పోయినట్టున్నది. ఎట్లైనా దాన్ని ఎవరూ వాడరు."

"ఎవరూ వాడరా?" అంది రేణుక. "యాదగిరి సార్, దినాం మధ్యాహ్నం నేను కూసునేది ఏడ? అది ఖరాబు కాలే అన్నా. స్క్రీన్ నేనే బంద్ చేసి పెడ్త. నాకెందుకు స్క్రీన్?"

స్క్రీన్ మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, స్క్రీన్ రీడర్ అంటారు. హాలు మొత్తంలో అది ఎక్కించింది పందొమ్మిదో కంప్యూటర్లోనే. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నల్లటి స్క్రీన్ ముందు కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తూ చదువుకునేది. పక్క నుంచి పోయేవాళ్లందరికీ అది పాడైన కంప్యూటర్ ముందు ఊరికే కూర్చున్న పిల్లలా కనిపించింది కాబోలు.

అసలు సంగతి ఇంకా ఉంది. రేణుకకు కవిత అని రూమ్మేట్ ఉండేది. ఎనిమిది నెలల పాటు రోజూ ఆ కంప్యూటర్ ముందు ఆమె పక్కనే కూర్చుని పుస్తకాలన్నీ పైకి చదివి రికార్డు చేసి పెట్టింది. కవితకు ఉద్యోగం వచ్చి ఆసిఫాబాద్ వెళ్లిపోయింది. ఆ చదివినదంతా హాల్-19లోనే ఉంది. రేణుక ఫోన్‌లో కొన్నే పడతాయి కాబట్టి ఒక సబ్జెక్టు అయ్యాక చెరిపేసి ఇంకోటి ఎక్కించుకునేది. పాలిటీ, తెలంగాణ చరిత్ర ఇంకా మిగిలే ఉన్నాయి. పరీక్షేమో ఆదివారం.

"నాలుగు దినాల సంది ఈ బెంచీ మీదనే కూసుంటున్నన్న. రేపు రా, ఎల్లుండి రా అంటున్రు. ఇదే ఆఖరు పరీక్ష అని మా అన్న ఖరాకండిగ చెప్పిండు. ఇది గాకపోతే ఇంటికొచ్చి కూసోమన్నడు. అది దొరకదంటే చెప్పున్రి, సాయంత్రం బస్సుకు ఇప్పుడే పోత. పరీక్ష రాసి ఫెయిలయ్యేదానికి ఈడెందుకు?"

నేను యాదగిరి వైపు చూశాను. అతను తల గోక్కుంటున్నాడు. ఏ రిపేరు షాపుకు ఇచ్చారో కనుక్కోమన్నాను. అతను పైకి ఫోన్ చేశాడు. ప్రభాకర్ గారు దిగి వచ్చారు, నుదుట పెద్ద బొట్టు, పట్టుపంచె.

"రిపేరుకా? మేమేం పంపలేదే!"

"మరి ఏడున్నది సార్?" అని అడిగాను.

"నాకేం తెలుసండీ, హాలు సంగతి యాదగిరిదేగా. ఈ బిల్డింగ్‌లో ఉన్న కంప్యూటర్లన్నీ ఈ హాల్లోనే ఉన్నాయి శంకర్ గారూ. ఇంకెక్కడా ఒక్కటి కూడా లేదు. కావాలంటే వెతుక్కోండి." అని, పూజకు టైమవుతోందంటూ మళ్లీ పైకి వెళ్లిపోయారు.

ఇలాంటి చోట మనుషుల్ని అడగడం మానేసి నెట్‌వర్క్‌నే అడగడం మేలు. కమాండ్ లైన్ అని ఒక నల్ల కిటికీ ఉంటుంది. బొమ్మలూ బటన్లూ ఉండవు, మనం అక్షరాల్లో అడగాలి, అదీ అక్షరాల్లోనే చెబుతుంది. ఒక నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి మెషీన్‌కూ ఇంటి నంబరు లాంటి అడ్రస్ ఒకటి ఉంటుంది, ఐపీ అడ్రస్ అంటారు. ముందు ipconfig అని కొట్టి నా అడ్రస్ చూసుకుంటే మన వీధి ఏదో తెలుస్తుంది. తర్వాత ఆ వీధిలో మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా ఒక్కొక్క తలుపూ కొట్టుకుంటూ పోయే ఒక చిన్న వరుస రాశాను. తలుపు కొట్టడాన్ని ping అంటారు. పలికిన వాళ్లందరి అడ్రస్‌లూ arp -a అంటే చూపిస్తుంది. ఒక్కొక్క అడ్రస్‌ను పట్టుకుని nbtstat అని అడిగితే ఆ మెషీన్ తన పేరు చెబుతుంది.

పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. మధ్యలో హాల్-19 కూడా వచ్చింది! చివర 47 ఉన్న అడ్రస్. అంటే అది బతికే ఉంది, కరెంటు ఉంది, వైరు తగిలించి ఉంది. పింగ్ కొడితే మిల్లీసెకను లోపలే పలికింది. అంత తొందరగా పలికిందంటే ఈ గోడల మధ్యే ఎక్కడో ఉందన్నమాట.

రేణుకకు చెప్పాను. "దొరికిందా?" అంది. పేరు, అడ్రస్ దొరికాయి, మెషీన్ దొరకలేదు అని చెప్పడానికి నాకే సిగ్గనిపించింది.

హాల్లో ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి hostname అని కొట్టి పేరు చూశాను. కొత్త స్టిక్కర్లు అంటిస్తూ పోయాను. హాల్-19 తప్ప అన్నీ ఉన్నాయి. బాత్రూం పక్క స్టోర్ రూం చూశాను. కింద క్లాసులు చూశాను. రిసెప్షన్ బల్ల కింద దూరి చూశాను. మధ్యమధ్యలో వెళ్లి చూస్తే ఆ నల్ల కిటికీలో 47 గారు హాయిగా పలుకుతూనే ఉన్నారు. "ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను." ఎక్కడున్నావురా నాయనా అంటే మాత్రం చెప్పడు.

"అన్నా, దయ్యం గిట్ల కాదు గదా?" అన్నాడు యాదగిరి.

"దయ్యమైతే నాకు చెప్పకుండ నువ్వే కడిగి బొట్టు పెడ్తుంటివి," అన్నాను. అప్పటికి నా ఓపిక పూర్తిగా అయిపోయింది.

ఇక ఒకటే దారి. హాలు మూలన స్విచ్ ఉంటుంది, అన్ని కంప్యూటర్ల వైర్లూ వచ్చి కలిసే పెట్టె. పింగ్‌ను ఆగకుండా నడిచేలా పెట్టి, స్విచ్‌లో ఒక్కొక్క వైరూ పీకుతూ పోవాలి. ఏ వైరు పీకినప్పుడు జవాబు ఆగిపోతుందో హాల్-19 ఆ వైరు చివర ఉన్నట్టు. నేను వేసిన వైర్లకు నేను గుర్తులు పెట్టాను. తర్వాత ఎవరెవరో వచ్చి తలా ఒకటి గుచ్చి పోయినట్టున్నారు, అంతా నూడుల్స్ గిన్నెలా ఉంది. పిల్లలకు టీ బ్రేక్ ఇప్పించి మొదలుపెట్టాను. టెస్ట్ మధ్యలో ఉన్న ఒకడు లేవనే లేదు. వాడి వైరే ముందు చేతికొచ్చింది.

"ఓ అన్నా! నా పేపర్ మొత్తం పాయె!"

"మళ్ల రాద్దువు గని, టీ తాగిరా పో!"

ఒకటి పీకాను, పలుకుతోంది. పెట్టాను. ఇంకోటి పీకాను, పలుకుతోంది. అలా పోగా పోగా, వెనకవైపు నుంచి గోడలోకి దూరిన ఒక తెల్ల వైరు లాగగానే నల్ల కిటికీలో జవాబు ఆగింది. Request timed out. నేను "దొరికావురా!" అని అరిచాను. ఆ వైరు ఎటు పోతుందా అని గోడ వెంట చూస్తుండగా, కొంతసేపటికి పై అంతస్తు నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినిపించింది.

"ప్రభాకరం! ఒరే ప్రభాకరం! పారాయణం ఆగిపోయిందిరా! అపచారం, అపచారం!"

యాదగిరి, నేను మొహమొహాలు చూసుకున్నాం. వైరు మళ్లీ గుచ్చాను. పింగ్ పలికింది. పైన లలితా సహస్రనామం మొదలైంది.

నేను మెట్లెక్కాను. నా చేయి పట్టుకుని రేణుక కూడా వచ్చింది. దేవుడి గది గుమ్మం దగ్గరే ఆగిపోయాం. పీట మీద అమ్మవారి పటం, ముందు కలశం, దీపం. పటం పక్కన, ఎర్ర జాకెట్టు గుడ్డ కప్పి, చామంతి దండ వేసి, మా హాల్-19. దాని పక్కన చిన్న స్పీకర్లో నామాలు వస్తున్నాయి. మధ్యలో ఒక మొగగొంతు ఇంగ్లీషులో ఏదో పలికింది.

"అదుగో, మళ్లీ!" ప్రభాకర్ గారి తల్లి రాజ్యలక్ష్మమ్మ గారు నా వైపు తిరిగారు. "నువ్వేనా బాబూ కంప్యూటరు అతనివి? మొదటి రోజు నుంచీ ఇదే వరస. అమ్మవారి నామాల మధ్యలో ఎవడో 'బటన్, బటన్' అంటాడు. వాడి నోరు ముందు మూయించు నాయనా."

అది స్క్రీన్ రీడర్. నెట్‌లోంచి వస్తున్న పాటకు మధ్యలో అడ్డొచ్చిన ప్రకటనల బటన్లను చదువుతోంది పాపం.

నేను ప్రభాకర్ గారి వైపు చూశాను. "సార్, బిల్డింగ్‌ల ఇంకో కంప్యూటరే లేదన్నరు గదా!"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇదా? ఇది పూజలో ఉందిగదండీ! ఎవరూ వాడనిది ఒకటి పైకి తెమ్మని కుర్రాళ్లకు చెప్పాను. అన్ని కంప్యూటర్ల తరఫునా ఒకటి అమ్మవారి దగ్గర ఉండాలిగా. స్నానం చేసి రోజూ నేనే పెడుతున్నాను పారాయణం. ఇది కంప్యూటర్ లెక్కలోకి ఎలా వస్తుంది?"

తొమ్మిది రోజులు కంప్యూటర్ కాదట! నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. సరే, ఇది ఈ అమ్మాయిది, కిందికి తీసుకెళ్తానని ఒక అడుగు ముందుకు వేశాను.

"ఆగు," అన్నారు రాజ్యలక్ష్మమ్మ గారు. "పొద్దున ఏం తిన్నావు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ దీపం ముందు నోరు తిరగలేదు. "ఎగ్ పఫ్ అమ్మా."

"శివ శివా! గడప దాటకు."

కిందికి దిగాను. వైరు మీంచే ఆ రికార్డింగులు కాపీ చేద్దామని చూశాను. నెట్‌వర్క్ పేరు చెబుతుంది, అడ్రస్ చెబుతుంది, తలుపు మాత్రం తీయదు. Access is denied అంది. ఆ మెషీన్ దగ్గర కూర్చుని ఒక సెట్టింగ్ మారిస్తే తప్ప కుదరదు. మళ్లీ పైకెక్కాను. పోనీ మీ అబ్బాయే ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి కాపీ తీసిస్తారమ్మా అని బతిమాలాను. ఏముంది అందులో అని అడిగారావిడ. ఈ అమ్మాయి చదువు, ఆదివారం పరీక్ష, అని చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"చదువా? అయితే అసలే కుదరదు. అటు చూడు, మా మనవలు పుస్తకాలన్నీ మొదటి రోజే తెచ్చి అమ్మవారి దగ్గర పెట్టేశారు. పూజలో పెట్టిన పుస్తకం ఉద్వాసన చెప్పేదాకా తీయకూడదు, చదవకూడదు. బుధవారం దశమి. ఆ రోజు పట్టుకెళ్లండి."

"పరీక్ష ఆదివారం అమ్మా!"

"నేనేం చేసేది నాయనా? నియమం నేను పెట్టిందా?"

"అసలుది ఆడనే ఉంటదమ్మా. నకలు తీస్తం అంతే."

"నకలైతే మాత్రం తీసినట్టు కాదూ?"

ప్రభాకర్ గారు నేల చూపులు చూస్తున్నారు. కొడుకై ఉండి ఒక్క మాట అనడే! నాకు నోటిదాకా వచ్చింది. ఇంత పెద్ద ఇల్లు, ఇన్ని కంప్యూటర్లు, ఒక పిల్ల చదువు తప్ప ఇంకేమీ దొరకలేదా మీకు దండ వేయడానికి? ఆ మాట అనేసేవాణ్ణే. అప్పటిదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డ రేణుక ముందుకు వచ్చింది.

"అమ్మా, నేను చదవను."

ఆవిడ చూశారు. అప్పుడే ఆ తెల్ల కర్రను, ఆ కళ్లను సరిగా చూసినట్టున్నారు.

"నాకు చదువుడు రాదమ్మా. చూపు లేదు. అండ్ల ఉన్నది మా దోస్తు గొంతు. నేను చదవను, ఏం తీయను. ఈ మూలకు కూసొని వింట. అంతే."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు.

"ఏం తిన్నావే తల్లీ పొద్దున?"

"ఏం తినలేదమ్మా. ఊరికి పోదామని బ్యాగు సర్దుకొని వచ్చిన."

"ప్రభాకరం, కోడల్ని పిలు. ఈ పిల్లకు పులిహోర పెట్టమను. కాళ్లు కడుక్కుని రామ్మా. వినకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు."

రేణుక కాళ్లు కడుక్కుని వచ్చి పీట పక్కన కూర్చుంది. ఎర్ర గుడ్డ కిందికి చేతులు పోనిచ్చి, కీబోర్డు వెతుక్కుని, పారాయణం ఆపి తన లాగిన్‌లోకి వెళ్లింది. ఇయర్‌ఫోన్లు గుచ్చేలోపే స్పీకర్లో ఒక ఆడపిల్ల గొంతు గది నిండా వినిపించింది. కొంచెం జలుబు చేసిన గొంతు. "రేణూ, ఇది ప్రాథమిక హక్కుల చాప్టర్. జర పెద్దగున్నది, నిద్రపోకు."

రేణుక రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. నాలుగు రోజులుగా బెంచీ మీద ఉగ్గబట్టుకున్న ఏడుపంతా అప్పుడు బయటికి వచ్చింది. రాజ్యలక్ష్మమ్మ గారు ఆమె వీపు మీద చేయి వేసి, "పారాయణం సంగతి నాకు వదిలెయ్యి. నాకు నోటికి వచ్చు," అని పక్కనే కూర్చుని చిన్న గొంతుతో నామాలు మొదలుపెట్టారు.

శనివారం ఇంకో వైరు పని మీద మళ్లీ వెళ్లాను. పైన ఇయర్‌ఫోన్లు పక్కన పడి ఉన్నాయి. కవిత గొంతు స్పీకర్లోంచే వస్తోంది. తన జపం అయ్యాక ఆవిడే పెట్టమన్నారట, నేనూ వింటానని. పాఠం అయిపోగానే ఆవిడ ప్రశ్నలు అడుగుతున్నారు, రేణుక జవాబులు చెబుతోంది. ఒకటి తప్పు చెబితే, "మళ్లీ వెనక్కి పెట్టు, ఆ పిల్ల అలా అనలేదు," అంటున్నారు. నేను మళ్లీ గడప బయటే నిలబడ్డాను. ఆ రోజు ఇడ్లీ తిన్నానని చెప్పినా ఆవిడ నమ్మలేదు.

ఆదివారం రేణుక పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చిన రోజు నాకు ముందు ఫోన్ చేసింది రాజ్యలక్ష్మమ్మ గారు. "మన పిల్లకు ఉద్యోగం వచ్చింది బాబూ" అన్నారు. వెనకాల రేణుక నవ్వుతూ ఏడుస్తూ ఏదో చెబుతోంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకూ కళ్లు చెమర్చాయి.

అయినా నా కోపం తగ్గలేదు, తగ్గదు కూడా. ఒక్క పూట తేడా వచ్చినా ఆ పిల్ల బస్సెక్కి వెళ్లిపోయేది. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. పులిహోర పెట్టారు, ఏడిస్తే వీపు నిమిరారు. కానీ రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునే మనిషి వాళ్లకు కనిపించలేదు. స్క్రీన్ వెలగకపోవడం మాత్రం అందరికీ కనిపించింది. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదే. ఏ ఆఫీసుకు వెళ్లినా "దీన్ని ఎవరూ వాడరన్నా, పీకెయ్" అని చెప్పేవాడు ఒకడు ఉంటాడు. నేను పీకను. ఆ కుర్చీ లాక్కుని కూర్చుని, వాచీ చూసుకోకుండా ఎదురుచూస్తాను. చాలాసార్లు ఎవరూ రారు. కొన్నిసార్లు ఎవరో ఒకరు తలుపు దగ్గర ఆగి, "అన్నా, అది నా సీటు," అంటారు.